చుట్టానికో చుట్టు

"చెయ్యి పెట్టి చూడు."

"ఎక్కడ బావా?"

"ఇంజను మీద. పై డొప్ప తీసేశాగా, ఆ మోటారు మీద పెట్టు వేలు."

"అబ్బ, కాలుతోంది."

"పట్టాల మీద పెట్టి ఎంతసేపైంది?"

"నేనొచ్చి చెప్పులు విప్పాక పెట్టారు. రెండు నిమిషాలు కూడా కాలేదు."

"రెండు నిమిషాలకే అంత కాక. అరచేతిలో పట్టే బొమ్మ రైలింజను రా అది, కుంపటి కాదు. దాని నడక చూడు. మలుపు దగ్గర చూశావా?"

"జోరుగా పోతోంది."

"అదే దాని జబ్బు. సరుకు బండిని లాగే ఇంజను, నింపాదిగా పోవాలి. ఇదేమో కుక్క తరిమినట్టు పోతోంది. ఇంకో పావుగంట వదిలేస్తే తీగ మాడి వాసనొస్తుంది."

"బావా, పిల్లలకి పరీక్షలు జరుగుతున్నాయి. పేపర్లు దిద్దడం మానుకుని, సెలవు పెట్టి, రెండు బస్సులు మారి వచ్చాను. బొమ్మ రైలు జోరుగా పోతోందని చెప్పడానికా పిలిచారు?"

"అవును."

"అక్కకి ఎలా ఉందోనని దారంతా హడలిపోయాను."

"మెల్లగా. పక్కగదిలోనే ఉంది. తలుపు తీసే ఉంది."

"వచ్చేటప్పుడు పలకరించాగా. ఒరేయ్ బుడంకాయా, ఇంత ఎండన పడి వచ్చావేంట్రా అంది. బాగానే ఉంది."

"బాగానే ఉంటుంది. కూర్చో. ముందు ఈ మోటారు సంగతి విను, తర్వాత మీ అక్క సంగతి."

"మీకు ఎప్పుడూ మోటారే ముందు."

"ఈసారి రెండూ ఒకటే."

"అంటే?"

"చెప్తా. ఈ మూడు నెలల్లో నాలుగు ఇంజన్లు వెనక్కొచ్చాయి. ఇరవై తొమ్మిదేళ్ళలో ఎన్నడూ లేదు. బాగుచేసి పంపినవే. అందరిదీ ఒకటే మాట, మోటార్లాయనా, పరుగెక్కువైంది, వేడెక్కుతోంది అని. మొదటిదానికి కార్బన్ ముక్కలు మార్చాను."

"కార్బన్ ముక్కలంటే?"

"లోపల తిరిగేదానికి కరెంటు అందించే నల్ల ముక్కలు. అవి అరిగితే మోటారు మొరాయిస్తుంది. మార్చాను, మారలేదు. అయస్కాంతం నీరసిస్తే మోటారు ఇలాగే వెర్రిపరుగు పెడుతుంది. అదీ మార్చాను, మారలేదు. పళ్ళచక్రాల్లో గట్టిపడ్డ గ్రీజు కడిగాను. మారలేదు."

"ఇక మిగిలిందేంటి?"

"మధ్యలో తిరిగే ముక్క. ఆర్మేచర్. ఇదిగో, దీనికి మూడు కొమ్మలు. ఒక్కో కొమ్మకి నూట ఇరవై చుట్లు రాగి తీగ. ఇదెవరు చుడతారు?"

"అక్క."

"మీ అక్క. నాకంత ఓపిక లేదు. నేను జబ్బు కనిపెడతాను, తను తీగ చుడుతుంది. పెళ్ళైన ఏడాది నుంచీ అంతే. అందుకే దాన్ని చూడ్డం ఆఖరికి పెట్టుకున్నాను. ఎవర్నైనా అనుమానిస్తాను గానీ మీ అక్క చుట్టుని అనుమానిస్తానా?"

"చూశారా మరి?"

"మీటరు పెట్టాను. ఒక కొమ్మకి తక్కువై ఇంకోదానికి ఎక్కువైతే మోటారు కుంటుతుంది. కుంటు లేదు. మూడు కొమ్మలూ ఒకటే చూపించాయి. అమ్మయ్య అనుకున్నా. తర్వాతెప్పుడో బుద్ధి పుట్టి, విప్పి లెక్కపెట్టాను."

"ఎన్నున్నాయి?"

"నూటపదిహేను."

"ఐదేగా తక్కువ. పోన్లెండి బావా, చేత్తో చేసే పని, ఒకటీ అరా..."

"రెండో కొమ్మ నూటపదిహేను. మూడోది నూటపదిహేను. ఇంకో ఇంజను విప్పాను. నూటపదిహేను, నూటపదిహేను, నూటపదిహేను. నాలుగూ విప్పాను రా. నువ్వు లెక్కల మాస్టారివి. పిల్లాడు లెక్క తప్పు చేస్తే ఎలా చేస్తాడు?"

"ఒక్కోసారి ఒక్కోలా."

"అదీ. పొరపాటైతే ఒకసారి నూటపదిహేడు రావాలి, ఇంకోసారి నూట ఇరవై మూడు రావాలి. ప్రతిసారీ సరిగ్గా ఐదే తగ్గితే అది పొరపాటెలా అవుతుంది?"

"అక్క అంకెలతో లెక్కపెట్టదు బావా."

"అందుకే నిన్ను పిలిచాను."

"ఇప్పటికీ చుట్టాలతోనేనా?"

"చుట్టానికో చుట్టు. కొత్తలో నేను అంకెలే నేర్పాను. అరవై దాటగానే తప్పిపోయేది. పాలవాడు పిలిస్తే పోయేది, కుక్క మొరిగితే పోయేది. ఏమండీ, అంకెలకి ముఖాలుండవు, ఎలా గుర్తుపెట్టుకుంటారండీ అని నన్నే అడిగింది. మర్నాడు మా పెళ్ళి ఫోటో తెచ్చి ఎదురుగా పెట్టుకుంది."

"మూడు వరసలు, వరసకి ఎనిమిది మంది. ఇరవై నాలుగు."

"ఐదుసార్లు తిరిగితే నూట ఇరవై. ఇక చూస్కో, ఒక్కసారి తప్పలేదు. కానీ ఆ వరస నాకు తెలీదు రా. పెదాల్లో గొణుక్కుంటుంది. అడిగితే, పైకి చెబితే పోతుందండీ అంటుంది. నీకొక్కడికే తెలుసు."

"చిన్నప్పుడు సెలవులకొచ్చి తీగచుట్ట పట్టుకుని కూర్చునేవాణ్ణిగా. నాకు నూరిపోసింది. పదమూడో ఎక్కం కన్నా అదే ముందొచ్చింది నాకు."

"చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మెల్లగా."

"వెనక నిలబడ్డవాళ్ళు. ఒకటి దగ్గు తాతయ్య. రెండు గొడుగు పెద్దమ్మ. మూడు పొడుగు బాబాయి. నాలుగు పొట్టి పిన్ని. ఐదు నవ్వని మామయ్య. ఆరు నవ్వాపని అత్తయ్య. ఏడు వడ్రంగి పెదనాన్న. ఎనిమిది ఎవరో తెలీనాయన."

"ఎవరో తెలీనాయనేంట్రా?"

"ఉన్నాడు ఫోటోలో, ఆ చివర. మీవాళ్ళు మా తరఫనుకున్నారు, మావాళ్ళు మీ తరఫనుకున్నారు. సుబ్బరంగా భోంచేసి, ఫోటో దిగి, వెళ్ళిపోయాడు. అక్క ఆయనక్కూడా ఒక చుట్టు ఇచ్చింది."

"ఇస్తుంది. దానిది అంత చెయ్యి. ఊఁ, తర్వాత?"

"కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు. తొమ్మిది నానమ్మ. పది నాన్న. పదకొండు అమ్మ. పన్నెండు నేను. పదమూడు మా ఆయన. పద్నాలుగు..."

"ఆగు. అలాగే అంటుందా? మా ఆయన అని?"

"అలాగే అనేది. పద్నాలుగు మావగారు, పదిహేను అత్తగారు, పదహారు ఆడపడుచు. కింద కూర్చున్న పిల్లలు. పదిహేడు, పద్దెనిమిది కవలలు. పంతొమ్మిది చీమిడిముక్కు. ఇరవై పళ్ళూడినది. ఇరవై ఒకటి అలిగినమ్మాయి. ఇరవై రెండు అలగనమ్మాయి. ఇరవై మూడు నిద్రపోయినవాడు. ఇరవై నాలుగు బుడంకాయ. నా దగ్గరికి రాగానే తీగ మీద వేలితో ఒకసారి తట్టేది. అదొక రౌండు."

"ఐదు రౌండ్లలో ఐదు చుట్లు తగ్గాయి."

"రౌండుకి ఒకటి."

"చెప్పు మాస్టారూ. పైకి చెప్పు."

"రౌండుకి ఒక మనిషి తగ్గుతున్నాడు. ప్రతిసారీ ఒకే మనిషి."

"అది రా సంగతి. నాలుగు మోటార్లు వెనక్కొచ్చి నాకు చెప్పిన మాట. మీ అక్క వరసలోంచి ఎవరో జారిపోయారు."

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారా?"

"తీసుకెళ్ళకుండా ఉంటానా? ఇవాళ ఏం వారం అన్నాడు, చెప్పింది. వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మన్నాడు. ఠకఠకా రెండు దాకా వచ్చేసింది. మధ్యలో ఆయనే ఒకచోట తప్పితే సరిదిద్దింది కూడా. నిద్ర సరిపోవట్లేదు, పాలు తాగించండి అని పంపేశాడు. నేను నాలుగు మోటార్లు పట్టుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి, వీటిని చూడండి డాక్టరుగారూ అంటే నాకు రాస్తాడు మందులు."

"నాతో ఫోన్లో మాట్లాడినప్పుడు కూడా ఏ తేడా..."

"ఉష్. వస్తోంది. ఆ మీటరు తీసి చేతిలో పట్టుకో, పని చూస్తున్నట్టు."

"ఏమండీ, లోపలికి రావచ్చా?"

"రా, రా."

"టీ ఎక్కడ పెట్టమంటారు? మీ సామాన్ల మీద ఒలుకుతుందేమో."

"ఆ స్టూలు మీద పెట్టు."

"చక్కెర సరిపోయిందో లేదో చూసి చెప్పండి. ఒరేయ్ బుడంకాయా, ఆయన్ని పని చేసుకోనివ్వు. చెవి దగ్గర జోరీగలా ఏంట్రా ఆ గుసగుసలు?"

"నేనేం గుసగుసలాడలేదక్కా."

"నీ సంగతి నాకు తెలీదా? చిన్నప్పుడు దొంగతనంగా బెల్లం తిన్నా చెవిలోనే చెప్పేవాడివి. టీ చల్లారిపోతుందండీ, తాగేయండి. పొద్దుట్నుంచీ వంచిన తల ఎత్తలేదు మీరు. నేను వస్తాను మరి."

"వెళ్ళిందా?"

"వెళ్ళింది. బావా, నాకైతే ఏమీ కనిపించలేదు. బెల్లం సంగతి కూడా గుర్తుంది. మర్యాద కాస్త ఎక్కువైందంతే."

"ఆ మాట నిజం. ఈ మధ్య మరీ మర్యాద. గుమ్మం దగ్గర ఆగి, అడిగి గానీ లోపలికి రాదు. నా గురక ఎక్కువైందేమో, పడక కూడా ఆ గదిలోకే మార్చుకుంది. పోట్లాట అన్నదే లేదు. ఇదివరకు స్క్రూ ఒకటి కింద పడితే ఇల్లెగిరిపోయేలా అరిచేది. ఇప్పుడు తనే ఏరి, కాగితంలో పెట్టి, ఇదిగోండి అని ఇస్తోంది. ఇన్నాళ్ళకి మొగుడి విలువ తెలిసొచ్చిందని మురిసిపోతున్నా."

"ఏమండీ అన్నదల్లా చూసి మురిసిపోకండి. కూరలబండి అతన్ని కూడా ఏమండీ అనే అంటుంది అక్క."

"నీకు కుళ్ళు."

"సరే, ఎవరై ఉంటారు జారిపోయింది?"

"పోయినవాళ్ళెవరో అయ్యుంటారు. తాతయ్య పోయి ఎన్నేళ్ళైంది?"

"ఇరవై దాటాయి. కానీ తాతయ్యతోనే మొదలు బావా. మొదటివాణ్ణి మర్చిపోతే మొదలే పెట్టలేదు కదా."

"అయితే ఆ ఎవరో తెలీనాయన. అసలు ఆయన్ని గుర్తుపెట్టుకోవడమే ఎక్కువ."

"కావచ్చు. నేనైనా కావచ్చు. ఏడాదైంది నేనిటు వచ్చి."

"నువ్వెందుకవుతావు, గుమ్మంలోనే బుడంకాయా అందిగా."

"మీరైతే?"

"ఏం మాటరా అది? రోజూ ఎదురుగా తిరిగే మనిషిని ఎవరైనా మర్చిపోతారా? కంటికి కనపడనివాళ్ళని మర్చిపోతారు."

"ఊరికే అన్నాను."

"ఊరికే కూడా అనకు."

"మన్నించండి బావా. ఒక మాట. చుట్లు లెక్కపెట్టే మీటరు దొరుకుతుందిగా. తిప్పే పిడికి అది బిగిస్తే గొడవే ఉండదు."

"బిగించాను. దాన్ని చూస్తే వరస పోతోందని దాని మీద చేతిరుమాలు కప్పేసింది. యంత్రం లెక్క యంత్రానికి, మనుషుల లెక్క నాకు అంది. ఇప్పుడు నేనేం చేస్తున్నానో తెలుసా? తను బజారుకి వెళ్ళినప్పుడు, చుట్టిందంతా విప్పి మళ్ళీ చుట్టి పంపుతున్నాను. రెండు నెలలుగా. నీకు చూపించడానికే పట్టాల మీదున్న ఈ ఒక్కటీ విప్పలేదు. పెళ్ళాం చుట్టింది వెనకాలే విప్పుకుంటూ పోయే మొగుణ్ణి నేను. నా చుట్టు నాకే నచ్చదు, వంకరటింకర. తన చుట్టు విప్పాలంటే చెయ్యి రాదు."

"ఎన్నాళ్ళని ఇలా?"

"ఇవాళ్టితో సరి. అందుకే పిలిచాను. మధ్యాహ్నం ఒక ఆర్మేచర్ చుడుతుంది. నువ్వు పక్కన కూర్చో. వరస విను. ఎవరు పోయారో పట్టుకో, గుర్తుచెయ్యి. నూట ఇరవై వచ్చిందా, సరే. రాలేదా, రేపట్నుంచి తీగ దాచేస్తాను. తీగ దొరకట్లేదనో, ఇంజన్లు రావట్లేదనో ఏదో ఒకటి చెప్తాను."

"తీగ తీసేస్తే అక్క రోజంతా ఏం చేస్తుంది?"

"అదే కదా. రోజుకి ఇన్నిసార్లు ఆ ముఖాలన్నీ తలుచుకుంటోంది కాబట్టి వాళ్ళయినా ఉన్నారు. చుట్టడం మానేస్తే నెలలో ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతారు. మాకా పిల్లలు లేరు, గుర్తుచేసేవాళ్ళు లేరు. ఉంచితే పని పోతుంది, తీస్తే మనిషి పోతుంది. ఏ మోటారునైనా విప్పి చూసి ఇదీ జబ్బు అని చెప్పగలను. మీ అక్క దగ్గరికొచ్చేసరికి నా చేతులు ఆడట్లేదు. నాకు భయంగా ఉందిరా."

"వెళ్తాను బావా. వెళ్ళి కూర్చుంటాను."

"అడిగి విసిగించకు. సరదాగా విను."

*పక్కగదిలో.*

"ఏంట్రా, మాస్టారికి ఇవాళ సెలవా?"

"నీ దగ్గర కూర్చుందామని పెట్టాను. ఇటివ్వు, తీగచుట్ట నేను పట్టుకుంటాను."

"ఇంకా వచ్చా పట్టుకోవడం? బిగించి పట్టుకోకు, తెగుతుంది. మరీ వదిలేయకు, ముడి పడుతుంది."

"వచ్చులే. నా కూతురికి కూడా నేర్పాను, గాలిలో."

"గాలిలో నేర్పేవాడివి నువ్వే. కిటికీ రెక్క తియ్యి, వెలుగు చాలట్లేదు. ఆయన టీ తాగారా?"

"తాగారు."

"చక్కెర సరిపోయిందన్నారా?"

"ఏమీ అనలేదు."

"అనరు. ఎలా ఇచ్చినా తాగేస్తారు. పాపం, మంచాయన."

"ఇన్నేళ్ళకి కనిపెట్టావా ఆ సంగతి?"

"నేనేం కనిపెట్టాను, ఉన్నమాట అన్నాను. ఈ ఫోటో మీద దుమ్ము ఎంత పట్టిందో చూడు. ఆ రోజు ఎంతమంది వచ్చారురా."

"మరి నీ పెళ్ళంటే మాటలా?"

"తీగ లాగకు. చెప్పానా, తెగుతుందని."

"లాగలేదక్కా."

"లాగావు. ఇక నోరు మూసుకుని కూర్చో. నువ్వు మాట్లాడితే వరస పోతుంది."

"ఇవాళ పైకి చెప్పక్కా. చిన్నప్పుడు చెప్పేదానివిగా."

"పైకి చెబితే పోతుంది."

"నాకు చెబితే ఎక్కడికి పోతుంది? ఒకవేళ పోతే నేను అందిస్తాను."

"అందిస్తావా?"

"అందిస్తాను."

"ఎవరికీ చెప్పకు మరి. ఈ మధ్య ఒకచోట కాలు జారినట్టవుతోందిరా. మెట్టు ఉందనుకుని వేస్తాను, ఉండదు. వెంటనే తర్వాతి మెట్టు దొరుకుతుంది, పడను. కానీ అక్కడ ఏదో ఉండాలి."

"ఎక్కడక్కా?"

"చుడుతుంటే గానీ తెలీదు. పట్టుకో. ఒకటి, దగ్గు తాతయ్య. రెండు, గొడుగు పెద్దమ్మ. మూడు..."

*గంట తర్వాత, ముందుగదిలో.*

"ఇదిగోండి బావా."

"ఎన్ని?"

"మీరే చూసుకోండి."

"నీ ముఖమేంట్రా అలా ఉంది?"

"ఎండన పడి వచ్చానుగా. తలనొప్పి. చూడండి ముందు."

"ఉండు. తను బాగున్నప్పుడు చుట్టిన ఆర్మేచర్ ఒకటి దాచాను, దాంతో పోల్చి చూద్దాం. పాతది ఇదీ. ఇప్పుడు కొత్తది. మొదటి కొమ్మ. ఒరేయ్."

"ఊఁ."

"పాతదానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. రెండోది. అంతే. మూడోది. అంతే రా. నూట ఇరవై, నూట ఇరవై, నూట ఇరవై. ఒరేయ్ మాస్టారూ, వచ్చేసింది."

"వచ్చింది బావా."

"బిగిస్తున్నా. ఆ చిన్న స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వు. అది కాదు, దాని పక్కది. ఊఁ. పట్టాల మీద పెట్టు. మెల్లగా వదులుతా కరెంటు. చూడు, చూడు దాని నడక. చూశావా ఆ మలుపు తిరగడం? పెద్దమనిషి పంచె సర్దుకుని తిరిగినట్టు తిరిగింది."

"బాగుంది."

"బాగుండటమేంట్రా, ఇరవై తొమ్మిదేళ్ళ కిందటి చుట్టు ఇది. వేలు పెట్టు. రెండు నిమిషాలు దాటింది. పెట్టు."

"గోరువెచ్చగా ఉంది."

"గోరువెచ్చగానే ఉండాలి. ఇంతకీ ఎవరు? ఎవరు జారిపోయింది?"

"ఎందుకు బావా ఇప్పుడు? లెక్క సరిపోయిందిగా."

"సరిపోయింది కాబట్టే అడుగుతున్నా. దాపరికమెందుకు? ఎవర్రా?"

"నేనే."

"నువ్వా?"

"నన్నే మర్చిపోయింది. ఇరవై మూడు దగ్గర ఆగి, మళ్ళీ తాతయ్యతో మొదలుపెట్టింది."

"నిన్ను గుమ్మంలోనే పిలిచిందిగా, బుడంకాయా అని."

"ఎదురుగా ఉంటే గుర్తున్నాను. ఫోటోలో లేను. మీరే అన్నారుగా, కంటికి కనపడనివాళ్ళని మర్చిపోతారని. ఏడాదిపాటు రాకపోతే ఇంతే మరి."

"అందుకా నీ ముఖం అలా వేలాడేసుకున్నావు. పిచ్చివాడా, బాధపడకు. ఎలా గుర్తుచేశావు?"

"అక్కడ ఎవరో ఒకరుండాలి కదక్కా అన్నాను. కాసేపు ఆలోచించింది. వేసింది. తర్వాత ఇక తప్పలేదు, మూడు కొమ్మలకీ."

"వేస్తుంది. దానిది అంత చెయ్యి. నెలకోసారి వచ్చి కనపడు, నీ సీటు నీకుంటుంది. నేను ఒక మాట చెప్తాను, నవ్వకు."

"నవ్వను."

"నేనేనేమో అనుకున్నాను. నిన్ను కసిరాను గానీ, రెండు నెలలుగా నాకదే. ఒక్కొక్క చుట్టూ విప్పుతూ, ఇందులో నేను లేనేమో, ఇందులో నేను లేనేమో అనుకుంటూనే విప్పాను. నోరు విప్పి తనని అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని. తప్పురా, నిన్ను మర్చిపోయిందంటే నా ప్రాణం లేచొచ్చింది. ఏమీ అనుకోకు."

"అనుకోను బావా."

"పదమూడో చుట్టు విన్నావా మరి?"

"ఇంజను ఇంకోసారి తిప్పండి. ఆ వంతెన మీద ఎలా పోతుందో చూద్దాం."

"తిరుగుతూనే ఉందిగా. విన్నావా లేదా?"

"విన్నాను."

"ఏమంది?"

"మీకూ ఒక చుట్టు వేసింది బావా. రౌండుకొకటి, ఐదు రౌండ్లు, మూడు కొమ్మలు. ఈ మోటారులో పదిహేను చుట్లు మీవే."

"పదిహేను చుట్లు."

"పదిహేను."

"చూడు ఎలా పోతోందో. పదిహేను చుట్లు నావేనట. రేపట్నుంచి విప్పడాలు లేవు, దాచడాలు లేవు. తీగ ఇంకో రెండు చుట్టలు తెప్పిస్తాను. ఉండు, మీ అక్క పిలుస్తోంది."

"పిలవలేదు బావా. నడవనివ్వండి."

"పిలిచిందిరా. ఈ చప్పుడులో నీకు వినపడలేదు."

"ఇంకో రెండు రౌండ్లు పోనివ్వండి. ఆపకండి. నేను వెళ్ళి కనుక్కొస్తాను."

"ఆపేశానులే. గుమ్మంలోకే వచ్చింది. ఏంటీ, ఏం కావాలి?"

"మిమ్మల్ని కాదండీ, మీరు పని చూసుకోండి, వాణ్ణి పిలిచాను. ఒరేయ్ బుడంకాయా, ఇలా రా. ఇంకా దగ్గరికి రా, గట్టిగా అంటే ఆయన వింటారు. నా పక్క కుర్చీ ఖాళీగా ఉందన్నానని ఈ మోటార్లాయన్ని కూర్చోబెట్టమన్నావు, నేనూ సరేనన్నాను. ఇంతకీ ఆయనకి పెళ్ళయిందో లేదో కనుక్కున్నావా?"